ఏడు ఘడియల అధికారం

నంద్యాల జిల్లాలోని పాణ్యం పేరు బయటి ప్రపంచంలో బాగా తెలిసింది రాళ్లను చదివేవారికి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల శిలల మీద ఒక గ్రంథం వెలువరించాడు. ఇక్కడి రాతి పొరలను శాస్త్రజ్ఞులు నేటికీ ఈ ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు. అడుగు నుంచి పైకి లెక్కపెడితే బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. పాణ్యం పొర క్వార్ట్‌జైట్, అంటే ఇసుక కరడుగట్టి బిగిసిపోయిన రాయి. దాని మీద కోయిలకుంట్ల సున్నపురాయి, ఆ పైన నంద్యాల షేల్ అనే పలకబారిన బురదరాయి. కోట్ల సంవత్సరాలుగా ఒకదాని మీద ఒకటి పడుకొని ఉన్నా వీటి మధ్య ఇంతవరకు ఒక్క పంచాయితీ కూడా జరగలేదు.

ఆ రాళ్ల మీద తిరిగే మనుషుల సంగతికి వస్తే అవే పేర్లు వేరే అర్థంలో వినిపిస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల అనగానే తెలుగు ప్రేక్షకుడికి దుమ్ము లేపుతూ వరుసగా వచ్చే సుమోలు కళ్లముందు కదులుతాయి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ ఆ దృశ్యాన్ని స్థిరపరిచాయి. ఇన్నిసార్లు గాలిలోకి లేచిన ఆ బండికి పేరు పెట్టింది జపాన్ మల్లయోధులను చూసి కాదు. టాటా మోటార్స్‌ను తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ అనే ఇంజినీరు పేరులోని మొదటి అక్షరాలు తీసి పెట్టారు. ఆయన మనకు చేసిన అపకారం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఈ సినిమాలన్నింటిలోనూ ఇంటి మధ్య ఒక కుర్చీ ఉంటుంది. అందులో తండ్రి కూర్చుంటాడు. ఆయన పోతే కొడుకు, కొడుకు ఊరు విడిచి వెళితే తమ్ముడు. ఆడమనిషి కుర్చీ వెనక నిలబడుతుంది, లేదా కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకొని గడప దగ్గర ఆగిపోతుంది. ఈ వ్యాసంలో తేల్చుకోవలసిన ప్రశ్న చిన్నది. ఆ కుర్చీలో ఆమె ఎందుకు కూర్చోదు?

ఇతర దేశాల కథల్లో కూర్చుంటుంది కనుకనే ఈ ప్రశ్న. 1992లో మార్టినా కోల్ అనే రచయిత్రి లండన్ నేరలోకం మీద ‘డేంజరస్ లేడీ’ అనే నవల రాసింది. అందులో మోరా రయాన్ అన్నలతో నిండిన ఇంట్లో పుట్టిన ఆఖరి ఆడపిల్ల. ఆ అన్నలు నడిపే నేర సామ్రాజ్యానికే ఆమె అధినేత్రి అవుతుంది. పాఠకులు ఎగబడి కొన్నారు. అప్పటినుంచి ఇంగ్లండులో నేర కుటుంబాన్ని ఏలే ఆడదాని కథలు వరుసగా వస్తున్నాయి. కుటుంబం, పగ, వారసత్వం, తరాల కథ, ఈ సరుకంతా వారికంటే మన నంద్యాల జిల్లాలోనే ఎక్కువ. అయినా ఆ నవల మనకు రాలేదు.

కారణం వెదికేముందు ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. లండన్ ముఠా, రాయలసీమ ఫ్యాక్షన్ ఒకటి కావు. ఫ్యాక్షన్ అంటే పత్రికల భాషలో ముఠాకక్ష. సీమ పల్లెల్లో దాన్ని వర్గం అంటారు, లేదా వట్టిగా ‘పార్టీ’ అంటారు. ‘మా పార్టోళ్లు’ అని ఎవరైనా అంటే ఏ జెండా అని అడగడం తొందరపాటు. జెండా మారవచ్చు, పార్టోళ్లు మారరు.

మొదటి తేడా డబ్బు నడిచే దిక్కులో ఉంది. ముఠా అన్నది చట్టం ఒప్పుకోని సరుకు అమ్మి లాభం తీసుకునే వ్యాపారం. మొన్నటిదాకా పల్లెలో నడిచిన ఫ్యాక్షన్ పని ఇందుకు తలకిందులు. నాయకుడు పొలం అమ్మి మనుషులను పోషిస్తాడు, కోర్టు ఖర్చులు పెడతాడు, జైలుకు వెళ్లినవాడి కూతురి పెళ్లి చేస్తాడు. బదులుగా అతనికి దక్కేది ఊళ్లో మాట. పది ఎకరాలు అమ్మి, మిగిలిన రెండెకరాల మీద తన మాట చెల్లేలా చూసుకోవడం ఏ ఆర్థికశాస్త్రానికీ అందని లెక్క. అందులో ఉన్నవారికి మాత్రం అది చక్కగా అర్థమయ్యేది.

రెండో తేడా ప్రభుత్వంతో సంబంధం. ముఠా ప్రభుత్వానికి కనిపించకుండా దాక్కుంటుంది. ఫ్యాక్షన్ ఆ ప్రభుత్వంలోనే చోటు వెదుక్కుంటుంది. దీనికి సుప్రీంకోర్టు రికార్డులో ఒక ఉదాహరణ ఉంది. కర్నూలు జిల్లాకు చెందిన ఒక హత్య కేసులో శిక్ష పడిన వ్యక్తికి 2005లో గవర్నరు మిగిలిన శిక్ష తగ్గించారు. ఆ ఉత్తర్వును 2006 అక్టోబరు 11న ‘ఏపూరు సుధాకర్’ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. క్షమాభిక్ష కోసం అధికారులు పంపిన కాగితాల్లో ఆ ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఉంది. హత్య కేసు ఫైలులో ఆ ధ్రువపత్రం ఏ ప్రశ్నకు జవాబో న్యాయమూర్తులకు బోధపడలేదు. గవర్నరు క్షమాభిక్ష నిర్ణయాలను కోర్టులు ఎంతవరకు తిరిగి చూడవచ్చో చెప్పడానికి దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఆ తీర్పునే చూపిస్తారు. సీమ ఫ్యాక్షన్ రాజ్యాంగ న్యాయశాస్త్రానికి చేసిన సేవ ఇది.

ఈ వ్యవస్థ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసేనాటికి ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. పాలెగాడు అంటే కొన్ని ఊళ్ల మీద పన్ను వసూలు చేస్తూ, కోట కట్టుకొని, సొంత బంట్లను పోషించే చిన్న దొర. 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వారి కోటలు పడగొట్టి, కొందరిని వెళ్లగొట్టి, కొందరికి పింఛను రాసిచ్చాడు. ఆ పింఛనుదార్ల వంశంవాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన చేతికి వచ్చే పింఛను నెలకు పదకొండు రూపాయల చిల్లర. దాని కోసం తహసీల్దారు కచేరీ గడప తొక్కవలసి రావడమే ఆ మొత్తం కంటే ఎక్కువగా బాధించిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఫ్యాక్షన్ మనస్తత్వాన్ని ఇంతకంటే క్లుప్తంగా వివరించడం కష్టం.

కోటలు పోయినా మనుషులను పోషించి మాట నిలుపుకొనే అలవాటు పోలేదు. అది ఊరి పెద్ద రెడ్డి ఇంటి అరుగు మీదికి దిగింది. ఆ తరువాత కాంట్రాక్టులు వచ్చాయి. రోడ్డు, కాలువ, సారా, గని, ఏది దొరికితే అది. హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ ఈ మార్పును నిశితంగా పరిశీలించి రాశారు. ఊరి పెత్తనంగా మొదలైన కక్ష ప్రభుత్వ పనుల మీద పెత్తనంగా ఎలా ముదిరిందో ఆయన వ్యాసాలు చదివితే తెలుస్తుంది. ఒకనాటి నాటుబాంబుల తీవ్రత ఇప్పుడు లేదు. టెండరు పెట్టెకు నాటుబాంబు అవసరం లేదు గదా.

ఇక ఆడమనిషి సంగతి. భాష ఆమెకు అన్యాయం చేయలేదు. అందగాడికి అందగత్తె ఉన్నట్టే పాలెగాడికి పాలెగత్తె ఉంది. సీమలో ఈ మాట నేటికీ బతికే ఉంది. ఎదురు చెప్పే కోడలిని చూసి అత్త అనే మాట అది, బడిలో మగపిల్లలను దండించి వచ్చిన మనవరాలిని చూసి అవ్వ అనే మాట కూడా అదే. మొదటిది తిట్టు, రెండోది మురిపెం. కోట, బంట్లు, పన్నులు మాత్రం ఈ రెండింటిలోనూ లేవు. పదవి పేరు ఇచ్చి పదవి ఇవ్వకపోవడం మనకు తెలియని పద్ధతేమీ కాదు.

సాహిత్యం ఈ మాటను వదిలిపెట్టలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘పాలెగత్తె’ పేరుతోనే ఒక నవల రాశారు. పాలెగాళ్ల కాలపు అనంతపురం సీమను బండి నారాయణస్వామి ‘శప్తభూమి’లో చిత్రించారు. దానికి 2019లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అంటే కలం ఇటువైపు వచ్చింది. కుర్చీలో ఆడమనిషిని కూర్చోబెట్టి, మూడు తరాలు నడిపించే లండన్ తరహా పెద్ద నవలే ఇంకా బాకీ.

అది రాకపోవడానికి కారణం ధైర్యం చాలకపోవడం కాదని నా అభిప్రాయం. మనం చూస్తున్న చోటు తప్పు. ఫ్యాక్షన్‌ను నడిపేది వేటకొడవలి అనుకుంటాం. వేటకొడవలి ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటికి వస్తుంది. పొయ్యి రోజుకు రెండుసార్లు వెలుగుతుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక నాయకుడి వెంట ఎప్పుడూ ఇరవై మంది ఉన్నారనుకోండి. వారికి రెండు పూటలా తిండి పెట్టాలి. రోజుకు నలభై విస్తళ్లు, ఏడాదికి 14,600. ఒక కక్ష పదేళ్లు సాగితే 1,46,000. పండగలు, కోర్టు వాయిదాలు, ఎన్నికలు, దినాలు ఇందులో కలపలేదు. ఈ విస్తళ్లలో ఒక్కదానిలో సంగటి ముద్ద చిన్నదైనా, ఒకడికి నెయ్యి వేసి పక్కవాడికి మరిచిపోయినా, ఆ మరుపు మనసులో ఉండిపోతుంది. వర్గం మారినవాడిని కారణం అడిగి చూడండి. సిద్ధాంతం చెప్పేవాడు అరుదు. ‘ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూడలా’ అనేవాడే ఎక్కువ. మనిషిగా చూడడమన్నది సీమలో చాలావరకు విస్తరి దగ్గర తేలే విషయం.

ఆ వంటింటి పెత్తనం ఎవరిది? ఇంటి ఇల్లాలిది, లేదా ముసలి అత్తది. ఇరవై మందిలో ఈ పూట పద్దెనిమిది మందే తిన్నారని ముందుగా తెలిసేది ఆమెకు. తినకుండా వెళ్లిన ఇద్దరూ రాత్రి ఎక్కడ తిన్నారో తెలుసుకోవలసిన అవసరం కూడా ముందుగా ఆమెకే తోస్తుంది. ఎవడి భార్య నెలలు నిండి ఉంది, ఎవడికి బియ్యం నిండుకున్నాయి, ఎవడు కొత్త చొక్కా వేసుకొని దాని ధర సరిగా చెప్పలేకపోయాడు, ఇవన్నీ ఆమె దగ్గర చేరే సమాచారం. పోలీసు భాషలో దీన్ని నిఘా అంటారు, ప్రత్యేక విభాగం పెట్టి జీతాలు ఇస్తారు. ఇంట్లో దీన్ని ఆడవాళ్ల ముచ్చట్లు అంటారు.

పోలీసు కాగితంలో ఆమె కనిపించకపోవడానికి కారణం ఇదే. రౌడీషీటు అంటే పదేపదే గొడవల్లో పడే మనిషి మీద స్టేషనులో తెరిచి ఉంచే చరిత్ర పుస్తకం. బైండోవర్ అంటే ఇక గొడవ చేయనని అధికారి ముందు పూచీకత్తు రాయించుకోవడం. ఈ రెండూ చేతుల లెక్క చూస్తాయి: ఎవడి చేతిలో ఏముంది, ఎవడు ఎవడిని కొట్టాడు. అన్నం పెట్టిన చేతిని నమోదు చేసే గడి ఆ పుస్తకంలో లేదు. సినిమా రచయితలు కథను ఆ పుస్తకం నుంచే తీసుకున్నారు, కనుక వారి కథలోనూ ఆ గడి లేకుండా పోయింది.

ఈ లోపం మన ఒక్కరిదే కాదు. 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ సినిమా చివర్లో కొత్త నాయకుడి చేతిని అనుచరులు ముద్దు పెట్టుకుంటుండగా, చూస్తున్న భార్య ముఖం మీద తలుపు మూసుకుంటుంది. ప్రపంచమంతా మెచ్చుకున్న దృశ్యం. మెచ్చుకున్నవారెవరూ ఆమె అటు తిరిగి ఎక్కడికి వెళ్లిందని అడగలేదు. మారియో పూజో నవలలో దానికి జవాబుంది: చర్చికి వెళ్లి భర్త ఆత్మ కోసం ప్రార్థిస్తుంది. భర్త పని అప్పటికే ఆ స్థితికి వచ్చింది.

తలుపు తెరుచుకోవాలంటే లోపలి మగవాడు కుర్చీలోంచి లేవాలి. అతడు లేచేది చావు వచ్చినప్పుడు, జైలు వచ్చినప్పుడు, ఎన్నిక వచ్చినప్పుడు.

చావుకు ఇటలీలో, గుజరాత్‌లో ఉదాహరణలున్నాయి. 1955లో నేపుల్స్‌లో పుపెట్టా మారెస్కా తన భర్తను చంపించినవాడిని నడివీధిలో కాల్చేసింది. అప్పుడామె గర్భిణి, బిడ్డ జైల్లో పుట్టాడు. పోర్‌బందర్‌లో 1986లో భర్త హత్యకు గురయ్యాక సంతోక్‌బెన్ జడేజా ఆయన మనుషులకు నాయకురాలైంది. 1990లో కుతియానా నుంచి శాసనసభకు కూడా వెళ్లింది. 1999లో షబానా ఆజ్మీ నటించిన ‘గాడ్‌మదర్’కు ఆమె జీవితమే ప్రేరణ అని చెప్పుకుంటారు. ఆ పాత్రకు షబానాకు జాతీయ పురస్కారం వచ్చింది. జైలుకు ఉదాహరణ మళ్లీ నేపుల్స్‌దే. రఫాయెలె కుతోలో అనే ముఠా నాయకుడు జీవితంలో ఎక్కువ భాగం జైల్లోనే గడిపాడు. బయట వ్యవహారం నడిపింది అక్క రొజెట్టా. ఆమెను పట్టుకోవడానికి 1993 దాకా పట్టింది. ఆడమనిషి ముఠా నడుపుతుందని ఊహించలేని పోలీసు బుద్ధి ఆమెకు పెట్టని కోట.

రాయలసీమకు వస్తే చావు తరువాత తెరుచుకున్న తలుపు బ్యాలెట్‌ది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కింద చెప్పే పేర్లు ప్రజాస్వామ్య రాజకీయాలకు సంబంధించినవి, నేరచరిత్రకు కాదు. వీరు ఓట్లతో గెలిచినవారు. మన విచారణకు కావలసింది ఒక్కటే: ఖాళీ అయిన కుర్చీలోకి ఆడవారు ఏ దారిన వచ్చారన్నది. 2005 జనవరిలో అనంతపురంలో పరిటాల రవి హత్య జరిగింది. ఆ ఏడాదే ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత పెనుకొండ నుంచి గెలిచారు, తరువాత మంత్రి అయ్యారు. 2017లో భర్త హత్యకు గురైన కంగాటి శ్రీదేవి 2019లో పత్తికొండ శాసనసభ్యురాలయ్యారు. వేటకొడవలి దగ్గర వారసురాలిగా ఎవరూ ఊహించని మనిషిని నామినేషన్ పత్రం దగ్గర అందరూ ఊహించారు.

ఆళ్లగడ్డ కథ వేరు. భూమా శోభానాగిరెడ్డి ఎవరి చావు తరువాతా రాలేదు. 1997 ఉప ఎన్నికలో గెలిచి, తన లెక్కలో తాను రాజకీయం చేసిన మనిషి. 2014 ఏప్రిల్ 24న, పోలింగుకు రెండు వారాల ముందు, రోడ్డు ప్రమాదంలో మరణించారు. అభ్యర్థి మరణిస్తే పోలింగు వాయిదా వేయాలన్న నియమం గుర్తింపు పొందిన పార్టీలకే వర్తిస్తుంది. ఆమె పార్టీ అప్పటికి నమోదైనదే గాని గుర్తింపు పొందలేదు. అందువల్ల ఎన్నిక ఆగలేదు, ఆమె పేరు యంత్రం మీద అలాగే ఉంది. ఆళ్లగడ్డ ఓటర్లు ఆమెనే గెలిపించారు. ఎదురుగా నిలిచినవారంతా బతికే ఉన్నారన్నది ఇక్కడ గమనించదగిన విషయం. ఆ ఏడాదే ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు, 2017లో మంత్రి అయ్యారు.

కింది మెట్టు మీద మాత్రం బ్యాలెట్ తలుపు సగమే తెరుచుకుంది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. తరువాత మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. దానితో ‘సర్పంచ్ గారి భర్త’ అనే పదవి పుట్టింది. రాజ్యాంగంలో దీని ప్రస్తావన లేదు, ఎన్నిక లేదు, కాలపరిమితి లేదు. అధికారం మాత్రం ఉంది. దండ భార్యకు వేస్తారు, కుర్చీ ఆయనకు వేస్తారు, సంతకం దగ్గర ఇద్దరూ కలుస్తారు.

మన సినిమా ఈ గడపను మూడు నాలుగుసార్లు తాకింది. 1998లో ‘అంతఃపురం’ ఫ్యాక్షన్ ఇంట్లో చిక్కుకున్న కోడలి కళ్లతో కథ చెప్పింది. ఆమె కోరేది కుర్చీ కాదు, బిడ్డతో బయటపడడం. 2018లో ‘అరవింద సమేత’ యుద్ధం ఆపడం గురించి ఆడవారి మాట వినమంది, విన్నది మగవాడు. 2023లో ‘వీరసింహారెడ్డి’లో వరలక్ష్మి శరత్‌కుమార్ పోషించిన భానుమతి అన్న మీద పగ పట్టి, అతని శత్రువును పెళ్లాడుతుంది. కుర్చీకి అందరికంటే దగ్గరగా వచ్చిన పాత్ర ఇది. కాని ఆమె పగకు మూలం పోగొట్టుకున్న ప్రేమ. మగవాడు పొలం గట్టు కోసమో, కాంట్రాక్టు కోసమో, మీసం కోసమో చంపవచ్చు. ఆడది పగబట్టాలంటే మనసు విరగాలి. ఆమెకు కాలువ నీళ్ల మీద, గని మీద, లెక్కల మీద ఆశ ఉండవచ్చునని మన రచయితలకు తోచదు. ఉన్న ఒక్క స్త్రీ సంగతి తెలిసీ తోచలేదు.

ఆ ఒక్క స్త్రీ నల్లమలకు అవతలి పక్కన, పల్నాటిలో, 12వ శతాబ్దంలో ఉంది. పేరు నాగమ్మ. బిరుదు నాయకురాలు. ఇప్పుడు ప్రతి పార్టీ మహిళా విభాగంలో డజన్ల కొద్దీ ఉన్న ‘నాయకురాలు’ ఒకప్పుడు ఒకే మనిషి బిరుదు.

పల్నాటి కథ మొదటి నుంచి చివరి దాకా కుటుంబ ఫ్యాక్షన్ నవలే. అనుగురాజు కొడుకులు నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులు. ఒకరికి గురజాల, మరొకరికి మాచర్ల. నలగామరాజు పక్షాన నాగమ్మ, మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలని పందెం. బ్రహ్మనాయుడి కోడి ఓడింది, మనుషులు వెళ్లారు. గడువు తీరాక సంధి మాటలకు వచ్చిన అలరాజు విషానికి బలయ్యాడు. తరువాత కారంపూడి యుద్ధం. రాజ్యాన్ని కోడి కాలికి కట్టడం ఎంత తెలివైన పనో రెండు పక్షాల పెద్దలకూ యుద్ధం అయ్యాక అర్థమైంది.

మనకు కావలసింది ఆమె కుర్చీ ఎక్కిన తీరు. కథ ప్రకారం ఆమె చిన్ననాడే భర్తను పోగొట్టుకుంది, కనుక అతని వెనక వచ్చిన అధికారం ఏదీ లేదు. వేటకు వెళ్లి అలసి వచ్చిన రాజుకు, ఆయన పరివారానికి తన తోటలో నీడ ఇచ్చి, కడుపునిండా అన్నం పెట్టింది. రాజు మెచ్చి వరం కోరుకోమన్నాడు. ఏడు ఘడియల పాటు మంత్రి పదవి కోరింది. రాజు నవ్వుకొని రాసిచ్చి ఉంటాడు. సమయం చూసి, నలగామరాజు కాలంలో ఆమె దాన్ని వాడుకుంది. ఆ తరువాత ఆమెను దించినవాడు లేడు.

జాగ్రత్తగా చూడండి. ఆమె పెట్టుబడి పరివారానికి పెట్టిన ఒక పూట భోజనం. ఇక్కడే ఒక విచిత్రం. ఎదుటి పక్షం బ్రహ్మనాయుడి కీర్తికి మూలం కూడా తిండే. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు ఆయనది. చాపకూడును సంఘ సంస్కరణగా గుర్తుపెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. తోటలో విందును మాత్రం ఆడదాని ఎత్తుగడగా గుర్తుపెట్టుకున్నాం. ఇద్దరూ మనుషులను కూడగట్టారు, ఇద్దరూ అన్నంతోనే కూడగట్టారు. 1947 ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966 దానిలో భానుమతి నాగమ్మ వేషం కట్టారు. అంతటి నటీమణులు కావలసి వచ్చిందంటే అది చిన్న పాత్ర కాదని నిర్మాతలకు తెలుసు. ప్రతినాయిక అని కూడా వారే తేల్చారు.

కాబట్టి ఆ బాకీ నవల రాయదలచినవారికి ఒక్క విన్నపం. పాణ్యం నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊళ్లోనైనా కథ పెట్టుకోండి. మొదటి అధ్యాయంలో సుమో పేల్చకండి. తెల్లవారుజామున పొయ్యి ముట్టించి, ఇరవై విస్తళ్లకు బియ్యం కొలిచి, రెండు శేర్లు వెనక్కి పోసిన అత్తమ్మతో మొదలుపెట్టండి. ఆ ఇద్దరూ ఈ పూట రారని ఆమెకు ఎలా తెలుసో చెప్పడానికే మీకు నూరు పేజీలు పడతాయి.

లెక్క సరిచూసుకొనేవారి కోసం: ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఏడు ఘడియలంటే 168 నిమిషాలు, రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. పెద్ద ఫ్యాక్షన్ సినిమా నిడివి సుమారు అంతే ఉంటుంది. ఆపాటి సమయంతో మొదలుపెట్టి నాగమ్మ ఒక రాజ్యాన్ని చేతిలోకి తీసుకుంది. మన సినిమాలో కథానాయికకు అదే సమయంలో మూడు పాటలు వస్తాయి.